పర్లాకిమిడి స్టేషన్ దారిలో బోర్డు లేని బైకు షెడ్డు, మా గుంటడి సైలెన్సరు సంగతి

ముందే చెప్పేస్తున్నా, బళ్ళ గురించి నాకు పెద్దగా తెలీదు. ఇంట్లో బ్లౌజులు కుట్టుకునేదాన్ని. మా ఆయన సూరత్‌లో మిల్లులో చేస్తారు, ఏడాదికి రెండుసార్లు వస్తారు, ఆయన బండి మాత్రం ఇంటి దగ్గరే ఉండిపోయింది, 100 సీసీ, ఓడీ 20 నంబరు, కొని ఏడేళ్ళయింది. అంచేత ఇంజను సంగతులు కొంచెమే రాస్తాను. కానీ ఈ షెడ్డు గురించి రాయకుండా ఉండలేకపోతున్నా. ఎదిగిన మగపిల్లలున్న అమ్మలు ఎవరైనా చదువుతారేమో అని.

షెడ్డు మా పర్లాకిమిడిలో, అంటే ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు పక్క ఊళ్ళో, స్టేషన్‌కి వెళ్ళే దారిలో ఉంది. రేకుల కప్పు, ముందు వేపచెట్టు, బోర్డు లేదు. మేస్త్రిగారి షెడ్డు అంటే మన తెలుగువాళ్ళు చూపిస్తారు, మిస్త్రీ అంటే ఒడియావాళ్ళు చూపిస్తారు. ఆయనకి అరవై దాటి ఉంటాయి. వాళ్ళ నాన్నగారు చిన్న రైల్లో పని చేసేవారట, అదే 1900లో వేసిన నౌపడా లైను, 2011 నుంచి పెద్ద రైలు వస్తోంది కదా. ఆ కాలం నాటి సుత్తి ఒకటి ఇప్పటికీ వాడుతున్నారు.

పని బాగా చేస్తారు. ఆయిల్ మార్చడం, చైను బిగించడం, బ్రేకు షూ చూడడం, ప్లగ్గు, ఫిల్టరు శుభ్రం, ఇవన్నీ కలిపి నా దగ్గర 350 తీసుకున్నారు, ఆయిల్ ఖరీదు వేరే, డబ్బా సీలు నా ముందే తీసేరు. మార్చిన పాత సామాను కవర్లో వేసి చేతికిచ్చేరు, మార్చినవి నిజంగా మార్చినట్టు మనకి తెలియాలని. బాగోలేనివి కూడా చెప్తాను. ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా మూసేస్తారు. బిల్లు కాగితం ఉండదు. కొత్త ఇంజెక్షన్ బళ్ళకి కంప్యూటర్ పెట్టి చూసే మిషను లేదు, అవి వస్తే కంపెనీ సర్వీసుకే పొమ్మంటారు. కొన్ని పార్టులు బరంపురం నుంచి రావాలి, వారం అంటారు, పది రోజులు అవుతుంది. ఆడవాళ్ళు కూర్చోడానికి మొదట్లో ఏమీ లేదు, నేను రెండోసారి వెళ్ళేసరికి ఒక కుర్చీ కనబడింది.

గోడ మీద ఒక అట్ట తగిలించి ఉంటుంది, సగం ఒడియాలో సగం తెలుగులో, చేత్తో రాసింది. పద్దెనిమిది నిండని పిల్లలు బండి నడిపి తప్పు చేస్తే మోటారు వాహనాల చట్టం 199ఎ కింద శిక్ష పిల్లాడి తల్లిదండ్రులకో బండి ఓనరుకో పడుతుంది, 25,000 జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు, ఆ పిల్లాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్స్ రాదు. 2019లో మార్చిన చట్టం ఇది. నేను అదివరకు రెండుసార్లు ఆ అట్ట ముందు నిలబడ్డాను, చదవలేదు. మావాడు మాత్రం చదివేడట, చదివి కూడా సైలెన్సరు మార్చమని అడిగేడు.

మావాడికి పదహారు. ప్లస్ టూ ఫస్టియర్. తొమ్మిదో క్లాసులోనే మాట వినకుండా అవుతున్నాడని, తండ్రి ఊళ్ళో లేడని, ఆంధ్రా వైపు ఒక రెసిడెన్షియల్‌లో వేశాం. పేరు చెప్పను. డిసిప్లిన్ అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకున్నారు, ఫీజు కూడా అంత పెద్దదే. అక్కడ వార్డెన్ కొట్టేవాడు. ఉదయం లేవకపోతే దెబ్బ, కంచంలో అన్నం వదిలితే దెబ్బ. బడిలో పిల్లల్ని కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది, 17వ సెక్షను, మరి వాళ్ళకి తెలీదా అంటే తెలుసు, మాలాంటి వాళ్ళమే కొట్టండి సార్ అని చెప్పి అప్పగించి వస్తాం. నేనూ అలాగే చెప్పి వచ్చేను. ఏడాది తర్వాత ఇంటికొచ్చేసరికి మావాడు నేర్చుకున్నది ఒకటే, ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి కళ్ళలోకి చూస్తూ అబద్ధం చెప్పడం. అంతకుముందు వాడికి అబద్ధం చెప్తే మొహం ఎర్రబడిపోయేది.

ఈ ఏడు దసరాకి ముందు బ్లౌజుల డబ్బులు 2,800 డబ్బాలో పెట్టేను. అవి తీసుకుని మావాడు మేస్త్రిగారి దగ్గరికి వెళ్ళి పెద్ద సౌండు వచ్చే సైలెన్సరు కట్టమన్నాడు. ఆయన కట్టనన్నారు. మావాడు ఒడియాలో తు అని మాట్లాడేడట. ఒడియా రానివాళ్ళకి చెప్తున్నా, అందులో తు, తుమే, ఆపణ అని మూడు మెట్లుంటాయి, తు అంటే మనం ఒరే అన్నట్టు. అరవై ఏళ్ళ మనిషిని తు, డబ్బులిస్తున్నాను కదా నీకెందుకు అని. దానికి ఆయన "ఆపణంక బయస్ కేతే" అని అడిగేరట, అంటే మీ వయసెంత అని. మీరు అనే అన్నారు. ఆయన అందరితోనూ అంతే, పదేళ్ళ పిల్లాడు సైకిల్లో గాలి కొట్టించుకోడానికి వచ్చినా తెలుగులో అయితే మీరు, ఒడియాలో అయితే ఆపణ. సాయంత్రంలోపు మీ అమ్మగారితో మీరే చెప్పండి, లేకపోతే నేను చెప్తాను అన్నారట.

వాడు చెప్పలేదు. వేరే షాపుకి పోయి కట్టించుకున్నాడు, డబ్బు ఇస్తే వయసు అడగని షాపులకి కొదవేముంది.

మా పక్కింటి అమ్మాయి పురిటికి వచ్చి ఉంది, పన్నెండు రోజుల పసిగుడ్డు. రాత్రి పదింటికి మావాడు సందులోకి ఆ బండేసుకుని వచ్చేడు. బాంబు పేలినట్టు పేలింది, ఆ పిల్ల ఏడుపు మొదలెట్టి అరగంట ఆపలేదు. ఆ ఇంటి మామ్మగారు మా గుమ్మంలోకి వచ్చి మావాడిని ఒక్క మాట అనలేదు, "అమ్మా, పిల్ల ఉలిక్కిపడతంది" అని మాత్రం అని వెళ్ళిపోయేరు. నాకు తల కొట్టేసినట్టయింది. మిషను మీద కర్ర స్కేలు ఉంది, అది తీసుకుని కొట్టేను. రెండోసారి ఎత్తేసరికి వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

కొట్టలేదు, తోయలేదు, పట్టుకున్నాడు అంతే. కానీ నేను విడిపించుకోలేకపోయేను. నాకన్నా జానెడు ఎత్తు ఎదిగిపోయేడని రోజూ ప్యాంట్లు పొడుగు చేస్తున్నదాన్ని నాకే ఆ రోజు దాకా తెలియలేదు. ఇద్దరం అలా నిలబడిపోయేం, తర్వాత వాడే వదిలేసి వాళ్ళ మావయ్య ఇంటికి పాతపట్నం వెళ్ళిపోయేడు, రెండు రోజులు రాలేదు. ఆ రెండు రోజులు నేను మిషను ఎక్కలేదు. మా నాన్న మమ్మల్ని కొట్టేవారు, మేం బాగానే పెరిగేం కదా అని ఇన్నాళ్ళూ అందరితో అనేదాన్ని, ఆ మాట ఇప్పుడు నోటికి రావట్లేదు.

వాడు తిరిగొచ్చేక బండి ఇద్దరం తోసుకుంటూ షెడ్డుకి వెళ్ళేం. స్టార్ట్ చెయ్యొద్దని నేనే అన్నాను, మళ్ళీ ఆ సౌండు ఆ సందులో వినలేను. మేస్త్రిగారు చూసి ఏమీ అనలేదు, మాకు టీ తెప్పించేరు. తర్వాత నాతో అన్న మొదటి మాట ఇది, "తప్పు నాదమ్మా. ఆ రోజు బుక్కులో ఉన్న నంబరుకి చేసేను, అది సూరత్‌లో మీ ఆయనది, ఎత్తలేదు. మర్నాడు మీ ఇంటికొచ్చి చెప్పాలి, పనిలో పడిపోయి మర్చిపోయేను." మావాడి ఎదురుగానే అన్నారు. మావాడు ఆయన్ని అలా చూస్తూ ఉండిపోయేడు. ఇంట్లో గానీ హాస్టల్లో గానీ బడిలో గానీ ఒక పెద్దాయన తన కన్నా చిన్నవాళ్ళ ముందు తప్పు నాది అనడం వాడు ఎప్పుడూ చూసి ఉండడు, నేనూ చూడలేదు.

తర్వాత నన్ను అడిగేరు.

"తాళం ఎవులిచ్చేరమ్మా?"

"నేనే. పాలకి వెళ్ళి రమ్మని."

"ఎన్నో ఏట?"

"పధ్నాలుగు."

అంతే, ఇంకేం అడగలేదు. అట్ట వైపు చెయ్యి చూపించి, పదహారు నిండితే గేర్లు లేని 50 సీసీ లోపు దానికి లైసెన్సు ఇస్తారు, ఇది గేర్ల బండి, 100 సీసీ, ఏదైనా జరిగితే సూరత్‌లో ఉన్న మనిషి పేరున ఆర్.సి. ఉంది, ఆయన మీదకి పోతుంది, మీ మీదకి కూడా రావచ్చు అని చెప్పేరు. అలా సైలెన్సరు మార్చినందుకు కూడా ఓనరుకి 5,000 ఫైను ఉందట. వాడిది దొంగతనం, వాడిది పొగరు అని అనుకుంటూ వెళ్ళినదాన్ని, కానీ పధ్నాలుగో ఏట పాలకని బండి తాళం వాడి చేతిలో పెట్టినప్పుడు ఊళ్ళో నన్ను ఎవరూ అడగలేదు, ఎంత పనిమంతుడమ్మా మీ వాడు అని మెచ్చుకున్నారు కూడా, అప్పుడు నాకు ఎంత గొప్పగా ఉండేదో.

పాత సైలెన్సరు ఆ వేరే షాపులో ఉండిపోయింది. నేను వెళ్తానన్నాను, మేస్త్రిగారు వద్దన్నారు, "బాబుగారే వెళ్తారు" అన్నారు. మావాడు వెళ్ళేడు, వాళ్ళు అది పాత ఇనుముకి వేసేశామని చెప్పేరు. కొత్తది తెప్పించి కట్టడానికి 3,100 అయింది. ఊడదీసేటప్పుడు బోల్టులు మావాడి చేతే విప్పించేరు, పక్కన నిలబడి స్పానరు ఎటు తిప్పాలో చెప్తూ. గ్యాస్కెట్ అంటే ఏంటి, అది సరిగ్గా కూర్చోకపోతే ఏమవుతుంది, కంపెనీ సైలెన్సరులో లోపల గదులు గదులుగా ఎందుకు కడతారు, సౌండు ఎక్కడ ఆగుతుంది, అన్నీ చెప్పేరు. మావాడికి సైన్సు టీచర్లు చెప్పినది ఎప్పుడూ ఎక్కలేదు, ఇది ఎక్కింది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు కదా ఇది, ఆయన సవర పిల్లలకి వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని సవర భాష నేర్చుకున్నారని మా స్కూల్లో చెప్పేవారు, నాకెందుకో ఆ షెడ్డులో నిలబడితే అది గుర్తొచ్చింది.

పని అయిపోయాక మేస్త్రిగారు వాడిని ఒకటే అడిగేరు, "ఆ పాప ఉన్న ఇంటికి వెళ్ళేరా?" అని. వాడు తల అడ్డంగా ఊపేడు. వెళ్ళమని ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆ సాయంత్రం వాడే వెళ్ళేడు. లోపల ఏం మాట్లాడేడో నాకు తెలీదు, అడగలేదు కూడా. మామ్మగారు మర్నాడు మాకు మినపసున్నుండలు పంపించేరు.

3,100లో ఒక్క రూపాయి నేను పెట్టలేదు, పెట్టనని మావాడితో చెప్పేను, మేస్త్రిగారు కూడా అప్పు రాసుకుంటానన్నారు. కుట్టిన బ్లౌజులు సైకిల్ మీద తీసుకెళ్ళి ఇచ్చి వస్తే ఒక్కో ఇంటికి 20 ఇస్తున్నాను, ఇప్పటికి 1,400 తీర్చేడు. ఆదివారం వెళ్ళి తనే కట్టి వస్తాడు. షెడ్డులో పని నేర్చుకుంటానని కూడా అడిగేడు. పద్దెనిమిది నిండకుండా ఎవరినీ పనిలో పెట్టుకోనని, వేరేవాళ్ళ బండి ముట్టనివ్వనని ఆయన గట్టిగా చెప్పేరు, మీ బండి సర్వీసుకి వచ్చినప్పుడు మాత్రం పక్కన నిలబడండి అన్నారు. మావాడికి కోపం వచ్చింది, రెండు వారాలు నేను పంపిస్తేనే వెళ్ళేడు.

మావాడు మారిపోయేడని రాస్తే అబద్ధం. రాత్రి ఒంటిగంట దాకా ఫోను చూస్తాడు, పిలిస్తే మూడోసారికి పలుకుతాడు, మొన్న కూడా నా మీద అరిచేడు. నేను స్కేలు తియ్యలేదు, బయటికి వెళ్ళి వాకిట్లో కూర్చున్నాను, చాలాసేపటికి వాడే వచ్చి పక్కన కూర్చున్నాడు. బండి తాళం ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది, బట్టల పెట్టెలో కాదు, మెడలో తాడుకి. వాళ్ళ నాన్నకి అన్నీ ఫోన్లో చెప్పేను, స్కేలు సంగతి కూడా. ఆయన చాలాసేపు మాట్లాడలేదు, దసరాకి వస్తానన్నారు, సెలవు దొరకలేదు, ఇప్పుడు సంక్రాంతికి అంటున్నారు.

షెడ్డుకి ఐదుకి నాలుగున్నర ఇస్తున్నా, ఆ అర మార్కు బిల్లు ఇవ్వనందుకూ పార్టులు లేటయినందుకూ. ఉదయం ఎనిమిదింటికి వెళ్ళండి, అప్పుడు రద్దీ ఉండదు. హెల్మెట్ లేకుండా వెళ్తే సర్వీసు చేసిన బండి తాళం చేతికివ్వరు, ఇంటికెళ్ళి తెచ్చుకోమంటారు, గొడవ పడకండి. ఫోన్ పే ఉంది. మీ ఫోన్ నంబరు ఆయన బుక్కులో రాయించండి, ఊళ్ళో లేని వాళ్ళది కాకుండా ఇంట్లో ఉన్నవాళ్ళది.