అక్షరం దగ్గర ఆగి అడిగే బోర్డుల షాపు

మా అబ్బాయి పుస్తకాలూ కాగితాలూ అమ్మే కొట్టు పెట్టినప్పుడు, మొదట వేరొక చోట చేయించిన బోర్డు మీద స్టేషనరీ అనే మాటలో ‘ఎన్’ తర్వాత ‘ఈ’ రావలసిన చోట ‘ఏ’ పడింది. ‘ఏ’ పడితే ఆ మాటకు కదలకుండా నిలిచి ఉన్నదని అర్థం. ఇరవై ఏళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పిన నాకు ఆ బోర్డు కింద నుంచి రోజూ నడవడం కష్టమైంది.

రెండో బోర్డును బస్టాండు వెనక వీధిలోని ఫ్లెక్సీ షాపులో చేయించాము. అక్కడి ఆపరేటరు మ్యాటర్ చదివి, టైపు చేయకముందే, “మాస్టారూ, ఇది కాగితాల కొట్టు కదండీ, ‘ఎన్’ తర్వాత ‘ఈ’ కదా రావాలి?” అని అడిగాడు. కంప్యూటరు ఆ ప్రశ్న అడగదు. రెండు స్పెల్లింగులూ నిజమైన మాటలే కాబట్టి ఎర్రగీత పడదు. నాలుగు మాటల బోర్డులో వాక్యమే ఉండదు గనుక, సందర్భం చూసి దిద్దే సాఫ్ట్‌వేర్‌కు కూడా పెద్దగా ఆధారం దొరకదు.

అతని దగ్గర అట్ట నలిగిన నోటుబుక్కు ఒకటి ఉంది. పిండిమర వాళ్లకు ఎఫ్, ఎల్, ఓ, యు, ఆర్. మెకానిక్ షెడ్డు బ్రేకులకు బి, ఆర్, ఏ, కె, ఈ. మాంసం కొట్టుకు ఎం, ఈ, ఏ, టి అని, ఏ వ్యాపారానికి ఏ స్పెల్లింగో అందులో రాసుకున్నాడు. ఒకేలా పలికి వేరుగా రాసే ఇలాంటి మాటల జంటల వెనక చరిత్ర ఉంది. గోధుమపిండికీ పువ్వుకీ ఇంగ్లీషులో ఒకప్పుడు ఒకటే మాట. పిండిలో మేలైన భాగాన్ని పువ్వు అన్నారు, స్పెల్లింగు తర్వాత విడిపోయింది. మాంసం అనే మాటకూ కలుసుకోవడం అనే మాటకూ మాత్రం పూర్వం అచ్చులు వేరుగా పలికేవి. కాక్స్టన్ అనే ముద్రాపకుడు 1476లో ఇంగ్లండులో అచ్చుయంత్రం పెట్టిన తరువాతి కాలంలో ఆ పలుకుబడులు కలిసిపోయినా, రాత పాత తేడాను నిలుపుకుంది. ఊరూరూ తిరగకుండా ఒకచోట కొట్టు పెట్టుకున్న పుస్తక వ్యాపారిని మధ్యయుగాల్లో స్టేషనర్ అన్నారు. ఆ స్టేషనర్‌లోని ‘ఈ’యే అతని సరుకు పేరులోనూ ఉందని గుర్తుంచుకుంటే ఇక తప్పు రాదు. మనం తాగే పాలనూ వాటాగా వచ్చే పాలునూ ఒకే అక్షరాలతో రాసి, అర్థాన్ని సందర్భానికి వదిలేస్తాము. ఇంగ్లీషులో ఇలాంటి చోట్ల ఆ భారం ఒక్క అక్షరం మీద పడుతుంది.

లోపాలూ చెప్పాలి. ప్రూఫ్ మీద సంతకం పెట్టనిదే ప్రింటుకు పంపరు కాబట్టి ఒక రోజు ఆలస్యమవుతుంది. ఆ ఆపరేటరు లేని పూట కౌంటరులోని కుర్రవాడు ఏమీ అడగకుండానే మ్యాటర్ తీసుకుంటాడు. నేనున్నప్పుడే ఒక టైర్ల వ్యాపారి ‘వై’తో రాసుకొస్తే అది తప్పన్నారు, అది బ్రిటిష్ పద్ధతి, ‘ఐ’తో రాయడం అమెరికా పద్ధతి, రెండూ ఒప్పే. ఆ సంగతి చెప్పగానే ఆపరేటరు నోటుబుక్కులో రాసుకున్నాడు.

పోయిన వారం మా పాత స్కూలువాళ్లు ప్రిన్సిపాల్ గదికి నేమ్ బోర్డు కావాలంటే అక్కడికే పంపాను. చివర పి, ఎల్, ఈ పడితే ఆ మాటకు సూత్రం అని అర్థం. చివర పి, ఏ, ఎల్ అని కాగితం మీద నేనే రాసిచ్చినా, అతను ఫోను చేసి, “సూత్రం కాదు కదండీ, మనిషే కదా?” అని అడిగిన తర్వాతే ప్రింటుకు పంపాడు.