గబ్బిలమా, ఎలుగుబంటా?

పోయిన వేసవిలో మా అక్క కొడుకు ఇంటికి వచ్చేసరికి బల్ల మీద రెండు కామిక్ పుస్తకాలు ఉన్నాయి. ఒకదాని అట్ట మీద తలుపు పట్టనంత భుజాలతో గబ్బిలం మనిషి. రెండోది మధ్యలో తెరిచి ఉంది. ఆ పుటలో నీటిరంగులతో గీసిన చిన్న ఊరు, చొక్కాలు తొడుక్కుని పలకరించుకునే జంతువులు. తొమ్మిదేళ్లవాడు దేని మీద చెయ్యి వేస్తాడో చెప్పనక్కరలేదు. "మామయ్యా, ఈ ఎలుగుబంటి నాకోసమేనా?" అన్నాడు. వాడు పుట తిప్పేలోపు లాక్కుని బీరువా మీద పెట్టేశాను. ఆ పూటంతా అలిగి కూర్చున్నాడు.

ఇటీవలి కామిక్స్‌లో సూపర్‌హీరో కథ మేలా, భయం కథ మేలా అని స్నేహితులు అడిగినప్పుడల్లా నాకు ఆ పూటే గుర్తొస్తుంది. నా ఓటు ఎటో ముందే చెప్పేస్తాను: ఎలుగుబంటికే. అయితే గబ్బిలానికి అన్యాయం చేయను.

అమెరికా కామిక్స్ సంస్థ డీసీ 2024 అక్టోబరులో మొదలుపెట్టిన 'అబ్సల్యూట్ బ్యాట్‌మన్'కు కథ స్కాట్ స్నైడర్, బొమ్మలు నిక్ డ్రగాటా. ఇందులో బ్యాట్‌మన్ ముసుగు వెనకున్న బ్రూస్ వేన్ పాత కథల్లోలా కోటీశ్వరుడు కాడు. భవంతి లేదు, నేలమాళిగ లేదు, టీ అందించే నౌకరు ఆల్‌ఫ్రెడ్ లేడు. ఆల్‌ఫ్రెడ్ ఇక్కడ బ్రిటిష్ గూఢచారి, దూరం నుంచి బ్రూస్‌ను గమనించి మనకు కథ చెబుతాడు. బ్రూస్ తండ్రి బడిపంతులు. పిల్లలను జంతుప్రదర్శనశాలకు తీసుకువెళ్లిన రోజు జరిగిన కాల్పుల్లో చనిపోతాడు. తల్లి బతికే ఉంది. డబ్బు తీసేస్తే బ్యాట్‌మన్‌లో ఏం మిగులుతుందన్న ప్రశ్నకు స్నైడర్ జవాబు ఒక్కటే: ఒళ్లు, చదివిన ఇంజినీరింగు, కోపం. ఛాతీ మీది గుర్తు ఊడదీస్తే గొడ్డలి, ముసుగు చెవులు పీకితే కత్తులు. కారు కూడా గనుల్లో మట్టి మోసే లారీ అంత ఉంటుంది. మన జాషువా గబ్బిలం పేదవాడి మొర మోసుకుని శివుడి దగ్గరకు వెళ్లింది. ఈ గబ్బిలానికి మొర పెట్టుకునే ఓపిక లేదు.

డ్రగాటా పుటను విడగొట్టే తీరు చూడాలి. చిన్న చిన్న గళ్లలో ఒక చెయ్యి, ఒక కన్ను, జారిపోతున్న తూటా చూపిస్తూ మనల్ని ఇరికించి, పుట తిప్పగానే రెండు పుటల నిండా ఆ ఆకారాన్ని నిలబెడతాడు. మొదటిసారి చదివినప్పుడు ఒళ్లు జలదరించింది. మూడో సంచికకు వచ్చేసరికి ఆ ఎత్తు తెలిసిపోయింది. గళ్లు చిన్నవవుతున్నాయంటే ముందర పెద్ద బొమ్మ ఉందన్నమాట. ఇంకో ఇబ్బంది, బ్రూస్ చిన్ననాటి స్నేహితులుగా వేలన్, ఆస్వాల్డ్, హార్వీ కనిపించినప్పుడు, వీళ్లు పాత కథల్లో బ్యాట్‌మన్ శత్రువులని తెలిసినవాళ్లకే గుండె కలుక్కుమంటుంది. తెలియనివాళ్లకు వాళ్లు పేకాడుకునే కుర్రాళ్లు, అంతే.

ఇక ఎలుగుబంటి. పుస్తకం పేరు 'బినీత్ ద ట్రీస్ వేర్ నోబడీ సీస్'. కథ, బొమ్మలు రెండూ ప్యాట్రిక్ హోర్వాత్‌వే. ఐడీడబ్ల్యూ సంస్థ 2023 నవంబరు నుంచి ఆరు సంచికలుగా ప్రచురించింది. సమాంతా స్ట్రాంగ్ అనే ఎలుగుబంటి వుడ్‌బ్రుక్ అనే ఊళ్లో ఇనుప సామాను దుకాణం నడుపుతుంది. మేకులు, రంగులు అమ్ముతుంది. ఇరుగుపొరుగుకు తలలో నాలుక. అప్పుడప్పుడు నగరానికి వెళ్లి, ఎవరో ఊరూపేరూ తెలియనివాళ్లను చంపి, అడవిలో పాతిపెట్టి, మర్నాడు వేళకు దుకాణం తెరుస్తుంది. ఆమెకు ఒకటే నియమం: సొంత ఊరివాళ్లను ముట్టుకోకూడదు. ఒకరోజు ఊళ్లోనే, అందరికీ కనబడేలా, ఒక శవం తేలుతుంది. చంపింది ఆమె కాదు. పోలీసులు వెతకడం మొదలుపెడితే తన గుట్టు బయటపడుతుంది కాబట్టి హంతకురాలే హంతకుణ్ని వెతకాల్సి వస్తుంది.

హోర్వాత్ చేసిన గడుసు పని బొమ్మల్లో ఉంది. పసిపిల్లల పుస్తకం రంగులు, గుండ్రటి ముఖాలు, పూలకుండీలు. భయం వచ్చే పుటలోనైనా శైలి మారుస్తాడా అంటే మార్చడు. కిటికీ పరదాకు పూసిన కుంచెతోనే గాయానికీ రంగు పూస్తాడు. నీడలు చిక్కబడవు, అక్షరాలు అరవవు. కాసేపటికి మామూలు పుటలంటేనే అనుమానం మొదలవుతుంది. కౌంటరు వెనుక నుంచి సమాంతా ఒక పిల్లజంతువును చూసి నవ్వితే, ఆ నవ్వును పైనుంచి కిందికి పరీక్షగా చూస్తాం. రెండోసారి చదివినప్పుడు నాకు ఎక్కువ భయం వేసింది హత్యల దగ్గర కాదు, ఈ నవ్వుల దగ్గర. ఆ రెండో హంతకుడు ఎవరన్న ముడి విప్పడంలో మాత్రం పెద్ద తెలివి కనిపించలేదు. అపరాధ పరిశోధన నవలలకు అలవాటుపడినవాళ్లు ముందే పసిగడతారు.

ఈ రెండు రకాలూ ఒకప్పుడు ఒకే దుకాణంలో అమ్ముడయ్యేవి. 1954లో అమెరికా సెనేట్ ఉపసంఘం కామిక్స్ మీద విచారణ జరిపింది. ఆ ఏడే ప్రచురణకర్తలు తమకు తాము నియమావళి పెట్టుకుని, పుస్తకం పేర్లలో 'హారర్', 'టెర్రర్' అన్న మాటలనే నిషేధించుకున్నారు. భయం కథలకు పేరుపడ్డ ఈసీ సంస్థ దెబ్బతింది, ముసుగు వీరులు నిలిచారు. అదే ఈసీ పేరుతో ఓనీ ప్రెస్ 2024లో 'ఎపిటాఫ్స్ ఫ్రమ్ ది అబిస్' తెచ్చింది. చిన్న కథలు, చివర్లో మెలిక. కొన్ని బాగున్నాయి, కొన్ని మెలిక కోసమే రాసినట్టున్నాయి. పాత అభిమానం ఉంటే తప్ప వెతుక్కుని కొనక్కరలేదు.

వీరుడూ భయమూ రెండూ కావాలనేవారికి మధ్యేమార్గం ఒకటుంది: 2025 మార్చిలో మొదలైన 'అబ్సల్యూట్ మార్షియన్ మ్యాన్‌హంటర్'. కథ డెనిజ్ క్యాంప్, బొమ్మలు హావియర్ రోద్రిగెస్. బాంబు పేలుడు నుంచి బయటపడిన ఎఫ్‌బీఐ అధికారి జాన్ జోన్స్‌కు మనుషుల ఆలోచనలు రంగు పొగలా కనిపించడం మొదలవుతుంది. వీరుడి కథే, కానీ గుద్దులాట చాలా తక్కువ. భార్య తలచుట్టూ తిరిగే పొగ చూసి అతను నోరు మెదపలేకపోవడమే ఇందులో యుద్ధం. ఈ పొగను నలుపు తెలుపు ఫోటోకాపీలో చదివితే సగం పోతుంది. చిన్న ఫోను తెర మీద కూడా వద్దు.

కాబట్టి ఒక్క పుస్తకానికే డబ్బుంటే ఎలుగుబంటి. ఆరు సంచికలతో కథ పూర్తవుతుంది, ముందూ వెనుకా ఏమీ తెలియనక్కరలేదు. ఆ ఊరు వదలబుద్ధి కాకపోతే రెండో కథ కూడా వచ్చింది. నెలనెలా ఎదురుచూడటంలోనే మజా ఉందనుకునేవారికి, బ్యాట్‌మన్ పాత చుట్టాలంతా తెలిసినవారికి గబ్బిలమే. కాకపోతే మొదటి సంచికే దాదాపు అయిదు డాలర్లు. విడివిడిగా తెప్పించుకుంటే రవాణా ఖర్చు పుస్తకాన్ని మించుతుంది. మొదటి ఆరు సంచికలూ కలిపి వేసిన సంపుటమే నయం.

మా మేనల్లుడు మాత్రం ఇంకా మరిచిపోలేదు. మొన్న ఫోను చేసి అడిగాడు.

"మామయ్యా, ఆ ఎలుగుబంటి ఏం చేస్తోంది?"

"దుకాణం తెరిచింది నాన్నా" అన్నాను. అబద్ధమైతే కాదు కదా.