ఆర్‌పీజీ నుంచి వెబ్ సర్వీసు: హెచ్‌టీటీపీఏపీఐ, ఎక్స్‌ఎంఎల్-ఇంటూ పదిహేనేళ్లు వాడాక

మా సిమెంటు ఫ్యాక్టరీ హుజూర్‌నగర్ దాటాక కృష్ణా నది దిక్కున, సున్నపురాయి నేలలో ఉంది. 2016లో జిల్లాలు విడిపోయి సూర్యాపేట జిల్లా కిందికి వచ్చాం గానీ, మాలో చాలామందికి ఇప్పటికీ అది నల్గొండే. లారీ ఖాళీగా కాటా ఎక్కుతుంది. లోడింగ్ అయ్యాక మళ్లీ కాటా ఎక్కుతుంది. బిల్లు చేతికొస్తే గేటు దాటుతుంది. ఆ బిల్లు కొట్టేది ఆర్‌పీజీ అనే ఐబీఎం భాషలో రాసిన ప్రోగ్రాం. అది నడిచే ఐబీఎం మిషన్ పేరు ‘ఐబీఎం ఐ’ అని మారి చాలా ఏళ్లయింది, అయినా కాటా క్లర్కు నుంచి మేనేజర్ దాకా అందరికీ అది ఏఎస్ 400 మాత్రమే.

2010లో మాకు లారీలు పెట్టే ట్రాన్స్‌పోర్టు కంపెనీ కిరాయి రేటు కాగితం మీద పంపడం మానేసింది. లారీ నంబరు, దింపే ఊరు పంపితే టన్నుకు ఎంతో ఎక్స్‌ఎంఎల్‌లో, అంటే ట్యాగుల మధ్య సమాచారం రాసే రూపంలో, జవాబిస్తామని వెబ్ సర్వీసు (ప్రోగ్రాం నెట్ మీద అడిగితే జవాబిచ్చేది) అడ్రసు ఇచ్చింది. మధ్యలో ఒక జావా సర్వరు పెడదాం, అది మాట్లాడి మన ఫైల్లో రేటు వేస్తుంది అన్నారు కొందరు. నేను ఒప్పుకోలేదు. బిల్లు రాత్రి రెండింటికీ కావాలి. ఆ సర్వరు పడిపోతే లేపేవాళ్లు మా దగ్గర ఎవరూ లేరు. ఆర్‌పీజీ తెలిసినవాళ్లం ముగ్గురం ఉన్నాం. ఆర్‌పీజీ నుంచి వెబ్ సర్వీసును అడగడానికి స్కాట్ క్లెమెంట్ అనే ప్రోగ్రామర్ రాసిన హెచ్‌టీటీపీఏపీఐ ఉచితం, సోర్సు కూడా ఆర్‌పీజీలోనే దొరుకుతుంది. జవాబు చదవడానికి ఎక్స్‌ఎంఎల్-ఇంటూ అనే ఆదేశం 2006లోనే వీ5ఆర్4 వెర్షన్‌తో భాషలోకి వచ్చేసింది, అప్పుడు మా మిషన్ అదే వెర్షన్‌లో ఉంది. ఆ నిర్ణయం సరైనదేనని ఇవాళ కూడా అంటాను.

మొదట పంపడం గురించి. హెచ్‌టీటీపీఏపీఐలో పంపడం నిజంగా తేలిక. దాని సర్వీసు ప్రోగ్రాంను మన ప్రోగ్రాంకు కలుపుకుని (బైండ్ చేసుకుని), అడ్రసూ పంపాల్సిన ఎక్స్‌ఎంఎలూ ఇచ్చి ఒక ప్రొసీజర్ పిలిస్తే చాలు. తిరిగొచ్చే అంకె 1 అయితే పని అయినట్టు. సున్నా అయితే టైమౌట్. మైనస్ 1 అయితే లోపలే ఏదో తప్పు. 404, 500 లాంటివొస్తే అవతలి సర్వరు చెప్పిన మాట. ఈ నాలుగూ విడివిడిగా చూసుకోకుండా ‘1 కాదు కాబట్టి తప్పు’ అని రాసుకున్నవాళ్లు తర్వాత ఇబ్బంది పడతారు. నేను పడ్డాను.

ఆ రాత్రి ఇంకా గుర్తుంది. కాటా దగ్గర లారీలు మెయిన్ రోడ్డు దాకా ఆగిపోయాయి. క్లర్కు ఎంటర్ కొడితే స్క్రీన్ కింద ఎక్స్ గుర్తు పడి కదలదు. హెచ్‌టీటీపీఏపీఐ మామూలుగా 60 సెకన్లు చూసి టైమౌట్ ఇస్తుంది. అవతలి సర్వరు పలకట్లేదు. నా ప్రోగ్రాం 1 కానిది ఏది వచ్చినా మూడుసార్లు మళ్లీ ప్రయత్నించేది. అంటే ఒక్కో లారీకి నాలుగు నిమిషాలు, ఆ తర్వాత కూడా బిల్లు లేదు. కోదాడ డ్రైవరొకాయన కిటికీ దగ్గరికొచ్చి, ‘సారూ, రాత్రంతా ఈడ్నే పండుకోవాల్నా? పొద్దుగాల్ల మిర్యాలగూడల దించాలె’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. చేత్తో రేట్లు వేసి పంపించాం.

మర్నాడు కూర్చుని ఆలోచిస్తే దారి కాటాలోనే కనబడింది. లారీ మొదటిసారి కాటా ఎక్కినప్పుడే నంబరు, ఊరు మాకు తెలుస్తాయి. 600 బస్తాలు, అంటే 30 టన్నులు ఎత్తేసరికి ఎంత లేదన్నా ముప్పావు గంట. రేటు కావాల్సింది రెండో కాటాకు. ఆ ముప్పావు గంట వదిలేసి బిల్లు కొట్టే క్షణంలో అడుగుతున్నాను. ఆ రోజే మార్చాను. మొదటి కాటా ప్రోగ్రాం ఒక డేటా క్యూలో (ప్రోగ్రాములు ఒకదానికొకటి సందేశాలు వదిలే వరసలో) నంబరు వేసి తన దారిన తను పోతుంది. వెనక బ్యాచ్‌లో ఎప్పుడూ నడిచే జాబు ఒకటి ఆ క్యూ చూస్తూ, వెబ్ సర్వీసును అడిగి, రేటు ఫైల్లో రాసి పెడుతుంది. అవతల పది నిమిషాలు పడిపోయినా కాటాకు తెలియదు. మనిషి ముందు కూర్చుని ఉన్న స్క్రీన్ ప్రోగ్రాంలో వెబ్ సర్వీసును ఎప్పుడూ పిలవకండి. పిలవక తప్పకపోతే టైమౌట్ ఐదారు సెకన్లకు తగ్గించండి.

డీబగ్ లాగు గురించి ఒక మాట చెప్పాలి. అది ఆన్ చేస్తే పంపిన ప్రతి హెడ్డరూ, వచ్చిన ప్రతి బైటూ ఒక ఫైల్లో పడతాయి. అవతలివాళ్లు ‘మీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు’ అన్న ప్రతిసారీ ఆ ఫైలే నన్ను కాపాడింది. ఇంత తేటగా రాసిన లాగు నేను మరే టూల్లోనూ చూడలేదు.

ఇక జవాబు చదవడం. అసలు పనంతా ఇక్కడే ఉంది.

ఎక్స్‌ఎంఎల్-ఇంటూ అందం ఏమిటంటే, జవాబు ఆకారంలోనే ఒక డేటా స్ట్రక్చర్ రాసుకుంటే ఒక్క స్టేట్‌మెంట్‌తో మొత్తం అందులో నిండుతుంది. ట్యాగు పేరు, సబ్‌ఫీల్డు పేరు కలవాలి, అంతే. అక్షరాల పెద్దా చిన్నా తేడా పట్టించుకోవద్దంటే ‘కేస్=ఎనీ’. కొసరు ట్యాగులు వస్తే వదిలేయమంటే ‘అలౌఎక్స్‌ట్రా=యెస్’. ఇది మొదటిరోజే పెట్టుకోవాలి, లేకపోతే అవతలివాళ్లు అనుకూలంగా ఉంటుందని ఒక కొత్త ట్యాగు చేర్చిన రోజే మన జాబు ఆర్‌ఎన్‌ఎక్స్0353 అనే తప్పుతో ఆగిపోతుంది.

దాని జతది ‘అలౌమిస్సింగ్=యెస్’. జవాబులో ఏదైనా ట్యాగు లేకపోయినా పర్వాలేదు అని దానికి అర్థం. వీ5ఆర్4 రోజుల్లో నేను రెండూ కలిపి పెట్టాను, జాబు ఆగకుండా ఉంటే చాలనుకుని. ఒక సోమవారం ట్రాన్స్‌పోర్టు కంపెనీ రేటు ట్యాగు పేరు మార్చింది. పాత పేరు జవాబులో లేదు, అలౌమిస్సింగ్ ఉంది కాబట్టి తప్పు రాలేదు. కొత్త పేరు కొసరు కిందికి పోయింది, అలౌఎక్స్‌ట్రా ఉంది కాబట్టి దానికీ తప్పు రాలేదు. రేటు ఫీల్డులో సున్నా ఉండిపోయింది. మధ్యాహ్నం వరకు కిరాయి సున్నాతో 41 బిల్లులు బయటికి పోయాయి. అకౌంట్స్‌లో ఉండే అన్న ఒక్కో బిల్లూ నా ముందు పెట్టి పెన్నుతో దిద్దించాడు. ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది.

ఐబీఎం ఐ 7.1 వెర్షన్‌కి మారాక ‘కౌంట్‌ప్రిఫిక్స్’ అనే ఆప్షన్ దొరికింది. డేటా స్ట్రక్చర్‌లో ఒక ఫీల్డు పక్కన లెక్క కోసం ఇంకో సబ్‌ఫీల్డు పెట్టుకుంటాం. జవాబులో ఆ ఫీల్డు ఎన్నిసార్లు వచ్చిందో ఆర్‌పీజీ అందులో వేస్తుంది. సున్నా అయితే రాలేదన్నమాట. రాలేదా, వచ్చి సున్నా ఉందా అనే తేడా అప్పుడే తెలుస్తుంది. ఇప్పుడు నా ప్రోగ్రాముల్లో అలౌమిస్సింగ్ ఎక్కడా లేదు. ఉన్నా లేకపోయినా పర్వాలేని ఫీల్డులకు మాత్రమే లెక్క సబ్‌ఫీల్డు ఉంటుంది. తప్పనిసరి ఫీల్డు రాకపోతే జాబు ఆగాలి, నాకు మెసేజ్ రావాలి. ఆగిన జాబును పది నిమిషాల్లో లేపొచ్చు. గేటు దాటిపోయిన బిల్లును వెనక్కి తెచ్చుకోలేం.

బరువు ట్యాగులో యూనిట్ అట్రిబ్యూటుగా, అంకె దాని మధ్యలో వస్తే చాలామంది తికమకపడతారు. దానికి ‘డేటాసబ్’ అని ఆప్షన్ ఉంది. అంకె కోసం ఒక సబ్‌ఫీల్డు, యూనిట్ కోసం ఒకటి రాసుకుంటే రెండూ నిండుతాయి. సోప్ అనే పద్ధతిలో వచ్చే ఎక్స్‌ఎంఎల్ జవాబుల్లో ట్యాగుల ముందు వచ్చే నేమ్‌స్పేస్ తోకలకు ‘ఎన్ఎస్=రిమూవ్’. అది పెట్టినప్పుడు, ఏ ట్యాగు నుంచి చదవాలో చెప్పే పాత్‌లో కూడా తోకలు లేకుండానే పేర్లు రాయాలి, అది మర్చిపోతే గంటలు పోతాయి.

పంపే ఎక్స్‌ఎంఎల్‌ను ముక్కలు అతికించి తయారు చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. మిర్యాలగూడ, సూర్యాపేట బజార్లలో సగం షాపుల పేర్లు ‘& సన్స్’, ‘& కో’. ఆ ఆండ్ గుర్తు అలాగే పోతే అవతల ఎక్స్‌ఎంఎల్ చదవడమే ఆగిపోతుంది. డీలర్ పేరు ఎక్కడ వాడినా దాన్ని ముందు మార్చి పంపాలి. 7.1 నుంచి ఉన్న స్కాన్‌ఆర్‌పీఎల్ ఫంక్షనుతో ఒక్క లైను పని.

తెలుగు అక్షరాల సంగతి చెప్పకుండా ముగించలేను. కొన్నేళ్ల కింద అవతలివాళ్లు దింపే చోటు పేరు తెలుగులో పంపడం మొదలుపెట్టారు. మాకు వచ్చిన ఫైల్లో గీత ఉన్న లాటిన్ అక్షరం, డిగ్రీ గుర్తు, ఇంకో గుర్తు, మళ్లీ అదే వరస. యూటీఎఫ్-8లో మన ‘మ’ మూడు బైట్లు: ఈ0, బీ0, ఏఈ. ఫైలుకు మాత్రం 819 అని, అంటే లాటిన్ అక్షరాలకని, సీసీఎస్‌ఐడీ (బైట్లను ఏ అక్షరాలుగా చదవాలో చెప్పే నంబరు) పడింది. దాంతో మూడు బైట్లనూ మూడు అక్షరాలుగా చదివింది. ఫైలు సీసీఎస్‌ఐడీ 1208, అంటే యూటీఎఫ్-8, పెట్టమని హెచ్‌టీటీపీఏపీఐకి ఆప్షన్ ఇచ్చాక ఆ గోల పోయింది. కానీ ఫీల్డు మామూలు క్యారెక్టర్ అయితే, సీసీఎస్‌ఐడీ 37లో తెలుగుకు చోటు లేదు. ప్రతి అక్షరం 3ఎఫ్ అనే బదులు గుర్తు అయిపోతుంది, మళ్లీ తిరిగి రాదు. ఫీల్డు యూసీఎస్-2గా (అన్ని భాషల అక్షరాలూ పట్టే రకంగా), సీసీఎస్‌ఐడీ 1200తో రాసుకోవాలి. మిర్యాలగూడ అని రాస్తే గుణింతాలు, పొల్లు కలిపి పది కోడ్లు. యూటీఎఫ్-8లో 30 బైట్లు, 1200లో 20. పొడవు నిర్ణయించేటప్పుడు ఈ లెక్క చూసుకోకపోతే ఊరు పేరు మధ్యలో తెగుతుంది. డీలర్లకు పోయే ఈమెయిల్లో వాళ్ల ఊరు తెలుగులో సరిగ్గా కనబడ్డ రోజు నాకు కలిగిన తృప్తి వేరే ఏ ప్రోగ్రాంలోనూ కలగలేదు.

అవతలి సర్వరు నమ్మదగినదని చెప్పే సర్టిఫికెట్లు ఒక బాధ. అవతల సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ మారితే, దాని సర్టిఫికెట్ మా మిషన్‌లోని డిజిటల్ సర్టిఫికెట్ మేనేజర్‌లో మనం చేర్చేదాకా కనెక్షన్ కుదరదు. కనెక్షన్‌ను గుప్తంగా ఉంచే టీఎల్ఎస్ 1.2 కోసం 7.1 దాకా రావాల్సిందే. ఇందులో హెచ్‌టీటీపీఏపీఐ తప్పేం లేదు, కానీ ఫోన్ మనకే వస్తుంది.

ఇప్పుడు మేం 7.4 మీద ఉన్నాం. వేరే దారులూ చూశాను. వెబ్ సర్వీసును పిలవడానికి సిస్‌టూల్స్ అనే లైబ్రరీలో ఉన్న పాత ఎస్‌క్యూఎల్ ఫంక్షన్లు జావా మీద నడుస్తాయి, ప్రతి కొత్త జాబులో మొదటి పిలుపు జావా లేచేదాకా ఆగుతుంది. కాటాకు అది పనికిరాదు. 2021లో 7.3, 7.4లకు వచ్చిన క్యూసిస్2 లైబ్రరీ ఫంక్షన్లకు జావా అక్కర్లేదు, చాలా చురుగ్గా ఉన్నాయి. వాటితో ఎక్స్‌ఎంఎల్‌టేబుల్ అనే ఎస్‌క్యూఎల్ ఫంక్షన్ కలిపితే జవాబు నేరుగా వరసలుగా వస్తుంది. ఎస్‌క్యూఎల్ బాగా వచ్చిన కొత్త పిల్లలకు ఇదే చెప్తున్నాను. 2018లో ఈ-వే బిల్లు వచ్చాక, ఎక్స్‌ఎంఎల్‌ లాగే సమాచారం పంపే ఇంకో రూపమైన జేసన్ కూడా తప్పలేదు. దానికి ఆర్‌పీజీలోని డేటా-ఇంటూ ఆదేశం, జేసన్ చదివిపెట్టడానికి క్లెమెంట్ తెచ్చిన యాజల్ పార్సర్ వాడుతున్నాం. రాసే పద్ధతి ఎక్స్‌ఎంఎల్-ఇంటూ లాంటిదే, కౌంట్‌ప్రిఫిక్స్ అందులోనూ ఉంది. అందుకే నేర్చుకోవడానికి రెండ్రోజులు కూడా పట్టలేదు.

కిరాయి రేటు ప్రోగ్రాం మాత్రం హెచ్‌టీటీపీఏపీఐ, ఎక్స్‌ఎంఎల్-ఇంటూ మీదే ఉంచాను. నిన్న రాత్రి కూడా డేటా క్యూ చూసి వచ్చాను. లారీలు లోడింగులో ఉన్నాయి, రేట్లు అప్పటికే ఫైల్లో ఉన్నాయి.