ఐరోపా చట్టమా, మన చట్టమా: వ్యక్తిగత సమాచారానికి ఏది మేలు?

2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఒక మందుల దుకాణం ఉంది. ఏడో సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణ అది. ఒకామె మందులు కొని, డబ్బు ముట్టినట్టు మెసేజ్ పంపమని తన నంబరు తానే ఇస్తుంది. దుకాణం ఆ నంబరును రసీదు పంపడానికి వాడుకోవచ్చు. అంతవరకే. దసరా డిస్కౌంట్ల మెసేజీలకు ఆమె విడిగా ఒప్పుకోవాలి.

ఐరోపా సమాఖ్యలో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న వ్యక్తిగత డేటా రక్షణ చట్టం జీడీపీఆర్‌లోనూ మూలసూత్రం ఇదే: ఏ పనికని తీసుకున్న సమాచారం ఆ పనికే. అసలు తేడా తప్పు జరిగాక తెలుస్తుంది.

ఆమె నంబరు, కొన్న మందుల జాబితా బయటికి పొక్కాయనుకుందాం. ఐరోపాలో ముప్పు ఎక్కువగా ఉంటేనే బాధితులకు చెప్పాలి. మన దగ్గర సమాచారం పొక్కిన ప్రతి ఒక్కరికీ చెప్పి తీరాలి. ఇక్కడ మనదే పైచేయి. కానీ ఆ తర్వాత? ఐరోపాలో ఆమె కోర్టుకెళ్లి, మానసిక క్షోభకు కూడా పరిహారం అడగవచ్చు. మన చట్టంలో జరిమానా రూ.250 కోట్ల దాకా పడవచ్చు గానీ, అదంతా భారత సంచిత నిధికి, అంటే ప్రభుత్వ ఖజానాకు పోతుంది. ఆమెకు అందులో పైసా రాదు. ఐటీ చట్టంలోని 43ఏ సెక్షన్ కింద పరిహారం అడిగే దారి ఒకటుంది. దాన్ని కూడా ఈ చట్టమే తొలగిస్తోంది. పైగా ఉత్తుత్తి ఫిర్యాదు చేశారని తేలితే పౌరుడికే రూ.10,000 దాకా జరిమానా! కంపెనీల మీద గురిపెట్టిన చట్టంలో ఈ బెదిరింపు ఎందుకో నాకు అంతుపట్టదు.

ఆరోగ్యం, మతం వంటి వివరాలకు జీడీపీఆర్ ప్రత్యేక రక్షణ ఇస్తుంది. ఈ చట్టం కోసం కేంద్రం వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో ఇచ్చిన ముసాయిదాలోనూ అలాంటి విభజన ఉంది. 2023 చట్టానికి వచ్చేసరికి అది కనబడదు. మందుల జాబితా అయినా, మామూలు ఫోను నంబరైనా దానికి ఒకటే.

ఇక ప్రభుత్వం సంగతి. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. ఆ కేసు నడిచిందే ప్రభుత్వం మీద. తీరా చట్టం వచ్చాక, దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో ఏ ప్రభుత్వ సంస్థనైనా దీని పరిధి నుంచి తప్పించే అధికారం కేంద్రానికే దక్కింది. ఫిర్యాదులు వినే బోర్డు సభ్యులను నియమించేదీ కేంద్రమే. ఐరోపాలో జాతీయ భద్రత జీడీపీఆర్‌కు బయటే ఉన్న మాట నిజం. అయితే అక్కడి నియంత్రణ సంస్థలు స్వతంత్రమైనవి. 2023 మేలో ఐర్లండ్ సంస్థ ఫేస్‌బుక్ యజమాని మెటాకు 120 కోట్ల యూరోల జరిమానా వేసింది.

మన చట్టానికి రెండు మంచి మార్కులు వేయాలి. సమ్మతి అడిగే నోటీసును తెలుగు సహా రాజ్యాంగంలోని ఎనిమిదో షెడ్యూలు భాషల్లో చదువుకునే వీలు ఇవ్వాలంది. మన తదనంతరం ఈ హక్కులు వాడుకునేందుకు ఒకరిని నామినీగా పెట్టుకోనిచ్చింది.

కంపెనీలు పాటించాల్సిన ప్రధాన నిబంధనలు 2027 మేలో గానీ అమల్లోకి రావు. అప్పటికీ డబ్లిన్‌లో చదివే వరంగల్ విద్యార్థికి అక్కడ ఉన్నంత కాలం జీడీపీఆర్ ఇచ్చే పరిహారపు హక్కు, వరంగల్‌లో ఉన్న అతని తల్లికి మన చట్టం కింద ఉండదు. నా ఓటు ఐరోపాకే.