కంపెనీ గురించి ఆరా తీయడానికి ఈపీఎఫ్‌ఓ ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్: కొన్నేళ్లు వాడాక నా రివ్యూ

ఇంటర్వ్యూ కాల్ రాగానే కంపెనీ ఎలాంటిదో చూద్దామని అందరూ ముందు తెరిచేది ఉద్యోగులు రివ్యూలు రాసే సైట్లు, ఆంబిషన్‌బాక్స్, గ్లాస్‌డోర్. నేనూ తెరుస్తాను. కానీ ఎక్కువగా నమ్మేది మాత్రం మన పీఎఫ్ చూసే ప్రభుత్వ సంస్థ ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్‌లో ఓ మూలన ఉండే ‘ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్’ పేజీని. ఫీజు లేదు, యాప్ లేదు, అందం అసలే లేదు.

కంపెనీ పేరు, క్యాప్చా కొడితే ఆ పేరుతో ఉన్న సంస్థలన్నీ వస్తాయి. మనకు కావాల్సిన దాని మీద నొక్కితే చిరునామా, పీఎఫ్ పరిధిలోకి వచ్చిన తేదీ కనిపిస్తాయి. అసలు సరుకు పేమెంట్ వివరాల్లో ఉంటుంది. ఏ నెల జీతాలకు ఎంత కట్టారు, ఆ డబ్బు ఏ తేదీన జమ అయింది, ఎంతమంది ఉద్యోగులకు కట్టారు, అన్నీ వరసగా ఉంటాయి.

నేను ముందు తేదీలు చూస్తాను. ఒక నెల పీఎఫ్‌ను మరుసటి నెల 15లోపు కట్టాలి. ఎప్పుడో ఒకసారి ఆలస్యమైతే పట్టించుకోను. కానీ రెండు మూడు నెలల బాకీ ఒకే రోజు కట్టడం పదేపదే కనిపిస్తే అక్కడ డబ్బుకు కటకటగా ఉందనుకుంటాను. జీతాలు టైమ్‌కి పడతాయా అని ఇంటర్వ్యూలో ఎవరం అడగగలం?

తర్వాత కట్టిన మొత్తాన్ని ఉద్యోగుల సంఖ్యతో భాగిస్తాను. 2014లో పెట్టిన 15,000 రూపాయల జీతం పరిమితి మీదే పీఎఫ్ కట్టే కంపెనీలో తలకి 3,750 వస్తుంది. ఉద్యోగి వాటా 1,800, కంపెనీ వాటా 1,800, ఇన్సూరెన్స్‌కి 75, అడ్మిన్ ఛార్జీలు 75. అంతకంటే బాగా ఎక్కువ వస్తే కనీసం కొందరికైనా అసలు బేసిక్ మీద కడుతున్నారన్నమాట. ఆఫర్ లెటర్‌లో సీటీసీ (కంపెనీ మన మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) చీల్చి చూసుకునేటప్పుడు ఇది పనికొస్తుంది.

మా బాబాయ్ కొడుక్కి మాదాపూర్‌లో ఒక కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. రివ్యూల్లో నాలుగు స్టార్లకు పైనే. అన్నీ దాదాపు ఒకే వారంలో రాసినవి, అన్నింట్లోనూ ‘మేనేజ్‌మెంట్ సపోర్టివ్’. పేమెంట్ టేబుల్ చూస్తే ఏడాదిలో ఉద్యోగుల సంఖ్య సగానికి పడిపోయి ఉంది. “అన్నా, హెచ్‌ఆర్‌ని ఎలా అడగను?” అని టెన్షన్ పడ్డాడు. పీఎఫ్ మాట ఎత్తకుండా, ఈ ఏడాది టీమ్ ఎలా మారిందండీ అని అడగమన్నాను. కొందర్ని మా సిస్టర్ కంపెనీలోకి మార్చామని ఆవిడ చెప్పింది. ఆ పేరు వెతికితే నిజమే, తగ్గినవాళ్లలో చాలామంది లెక్క అక్కడ తేలింది. కానీ రెండు చోట్లా పీఎఫ్ నెలల తరబడి ఆలస్యంగానే పడుతోంది. వాడు ఆ ఆఫర్ వదులుకున్నాడు.

అందుకే ఒట్టి సంఖ్య చూసి నిర్ణయానికి రావద్దంటాను. ఒకే కంపెనీకి రెండు మూడు పీఎఫ్ కోడ్‌లు ఉండొచ్చు. కాంట్రాక్టు వాళ్లు వేరే ఏజెన్సీ లెక్కలో ఉంటారు. 20 మందికి లోపు ఉన్న స్టార్టప్ అసలు కనిపించకపోవచ్చు. ఇంతకంటే విసుగు తెప్పించేది పేరు. గ్లాస్ బిల్డింగ్ మీద బోర్డు ఒకటి, రిజిస్టర్ అయిన పేరు ఇంకొకటి. అసలు పేరు వాళ్ల వెబ్‌సైట్‌లోని ప్రైవసీ పాలసీలో తరచుగా దొరుకుతుంది. ఇక క్యాప్చా సంగతి చెప్పక్కర్లేదు, కళ్లజోడు మార్చాల్సి వచ్చిందేమో అనిపిస్తుంది.

పేరు దొరికాక కంపెనీల రిజిస్ట్రేషన్ చూసే కేంద్ర మంత్రిత్వ శాఖ, ఎంసీఏ పోర్టల్‌లో మాస్టర్ డేటా (కంపెనీ ప్రాథమిక వివరాలు) కూడా చూస్తాను. కంపెనీ గుర్తింపు నంబరైన 21 అక్షరాల సీఐఎన్‌లోనే కంపెనీ పుట్టిన సంవత్సరం ఉంటుంది. ‘ఇరవై ఏళ్ల అనుభవం’ అని గొప్పలు చెప్పుకునే సంస్థ సీఐఎన్‌లో 2019 కనిపిస్తే నవ్వొస్తుంది. 100 రూపాయలు కడితే బ్యాలెన్స్ షీట్లు కూడా చూడొచ్చు. అయితే హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి బ్యాలెన్స్ షీట్ మీద కాస్త అనుమానం ఉండటం సహజం. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజుగారి లేఖ బయటికొచ్చేదాకా, ఖాతాల్లో 5,000 కోట్లకు పైగా లేని నగదు చూపించారని బయటివాళ్లకి తెలియలేదు కదా. లిస్టెడ్ కంపెనీల్లో పెద్దవైతే పని సులువు. మార్కెట్ విలువలో మొదటి 1,000 కంపెనీల వార్షిక నివేదికల్లో బీఆర్‌ఎస్‌ఆర్ అనే భాగం ఉంటుంది, ఎంత శాతం ఉద్యోగులు మానేశారో అందులో వాళ్లే రాస్తారు.

ఆంబిషన్‌బాక్స్‌ని తీసిపారేయను. జీతం ఎంత అడగాలో తేల్చుకోవడానికి, ఇంటర్వ్యూ రౌండ్లు తెలుసుకోవడానికి అదే మేలు. మేనేజర్ ఎలాంటివాడో, శనివారం కాల్స్ ఉంటాయో లేదో పీఎఫ్ టేబుల్ చెప్పదు. దానికి లింక్డ్‌ఇన్‌లో ఆ టీమ్ వదిలేసినవాళ్లను పట్టుకుని మర్యాదగా అడగడమే దారి.

నా లెక్కన ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్‌కి ఐదుకి నాలుగు. పెద్ద ఎంఎన్‌సీకి వెళ్లేవాళ్లకి దీంతో పెద్దగా పని లేదు. చిన్న, మధ్య స్థాయి కంపెనీకి వెళ్లేవాళ్లు రెండుసార్లు చూడాలి. అప్లై చేసేముందు ఒకసారి, చేతిలో ఉన్న ఉద్యోగానికి రాజీనామా పెట్టేముందు ఇంకోసారి. నోటీస్ పీరియడ్ 90 రోజులుంటే జాయిన్ అయ్యే వారంలో కూడా చూడండి, ఈలోపు టేబుల్‌లో కొత్త నెలలు చేరి ఉంటాయి.