14 వేలకి కొన్న పాత యెజ్డీ, పన్నెండేళ్ళ తర్వాత

నాది ఒడిశాలోని రాయగడలో మోటార్ వైండింగ్ షాపు. పొలాల్లో పంపుసెట్లు, మిల్లుల్లో మోటార్లు కాలిపోతే విప్పి కొత్త తీగ చుట్టడం మా పని. కొల్నారా, మునిగుడ వైపు ఊళ్ళ నుంచి కబురొస్తే సామాను సంచీ కట్టుకుని బయల్దేరాలి. ఆ తిరుగుడు కోసం 2013లో పార్వతీపురంలో యెజ్డీ 250 మోటార్ సైకిల్ ఒకటి కొన్నాను. 1991 మోడల్. యెజ్డీల్లోనే రోడ్‌కింగ్ అనే మోడల్ కాదు, మామూలు క్లాసిక్. 14 వేలు పడింది. మీటరు కేబుల్ మూడుసార్లు తెగింది కాబట్టి తిరిగిన దూరం అంచనాగానే చెప్పగలను: 60 వేల కిలోమీటర్లకి పైమాటే.

ఇలాంటి బండి కొందామనుకుంటున్నవాళ్ళు నన్ను మొదట అడిగేది ఇంజిన్ గురించి. నేను మొదట చెప్పేది కాగితాల గురించి. ఇంజిన్ ఎంత పాడైనా లేత్ షాపుంటే బాగుపడుతుంది. కాగితం పాడైతే బాగుచేసే లేత్ లేదు. మాలాంటి సరిహద్దు ఊళ్ళలో ఇది మరీ ముఖ్యం. కూనేరు దగ్గర సరిహద్దు, అవతల ఆంధ్రా, ఇవతల ఒడిశా. బళ్ళు అటూ ఇటూ చేతులు మారుతుంటాయి, ఆర్సీలో పేరు మాత్రం ఇరవై ఏళ్ళ కిందటి మనిషిదే ఉంటుంది. నేను చూసిన మొదటి బండి ఇంతకన్నా తళతళలాడేది. కిరసనాయిలు గుడ్డతో ఇంజిన్ నంబరు తుడిచి చూస్తే అంకెల కింద లోహం కొత్తగా ఆకురాయి పెట్టినట్టు మెరిసింది. రెండు అంకెలు మిగతావాటితో వరస కలవలేదు. అడ్వాన్సు ఇవ్వకుండా వచ్చేశాను.

ఈ యెజ్డీ ఓనరు రిటైరైన పెద్దమనిషి. ఆర్సీ ఆయన పేరుమీదే ఉంది, ఏపీ 35 నంబరు. ఆంధ్రా నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం తీసుకోవాలి, అది ఫారం 28. పేరు మార్పుకి 29, 30. వేరే రాష్ట్రం బండిని పన్నెండు నెలలు దాటి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకుని తీరాలి. ఆ పెద్దాయన నాతోపాటు రెండుసార్లు ఆఫీసుకి వచ్చి సంతకాలు పెట్టారు. అలాంటి అమ్మకందారు దొరికితే ఇంకో వెయ్యి ఎక్కువిచ్చినా నష్టం లేదు. ఇక్కడ పన్ను కట్టి ఓడీ 18 నంబరు చేతికొచ్చేసరికి అయిదు నెలలు పట్టింది. పదిహేనేళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా ఉంటుంది. ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 300 నుంచి 1000 అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన మోటార్ సైకిళ్ళకి 2000 చేశారు. కొనేముందు ఇవన్నీ లెక్కలో వేసుకోండి.

ఇక బండి సంగతి. యెజ్డీ నడపనివాళ్ళకి మొదట తికమకపెట్టేది దీని లివరు. కిక్కూ గేరూ ఒకటే, ఎడమపక్కన ఉంటుంది. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్ రాడ్డు. స్టార్టయ్యాక ముందుకి దించితే గేరు. చలికాలం పొద్దున్న కార్బురేటర్ మీది బుడిపెని పెట్రోలు చెమ్మ పైకొచ్చేదాకా వేలితో నొక్కి, లివరు తిప్పి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా రెండుసార్లు మెల్లగా తొక్కి, మూడోసారి గట్టిగా కొడతాను. నాలుగో కిక్ కావలసివచ్చిందంటే పాయింట్లు (ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే కాంటాక్టులు) చూడమని అర్థం. ఇంకో మంచి ఏర్పాటుంది. గేరు లివరు మీద పాదం నొక్కితే క్లచ్ దానంతటదే విడుతుంది. ఎడమచేతి క్లచ్ కేబుల్ మునిగుడ దగ్గర తెగిన రోజు కేబుల్ లేకుండానే ఇంటికొచ్చాను.

నాకు అసలు పాఠం సుంకి ఘాట్‌లో అయింది. 2014లో పొట్టంగి నుంచి సాలూరు దిగుతున్నాను. వెనక సీటుకి రాగితీగ చుట్టలు కట్టి ఉన్నాయి. పెట్రోలు మిగుల్తుంది కదా అని యాక్సిలరేటర్ పూర్తిగా మూసి, గేర్లో ఉంచి, బ్రేకు మీద కాలు పెట్టి దిగుతున్నాను. ఒక మలుపు దాటాక సన్నగా కీచుమని చప్పుడొచ్చింది, వెంటనే వెనక చక్రం బిగుసుకుపోయింది. క్లచ్ పట్టేశాను కాబట్టి బండి పక్కకి జారింది కానీ పడలేదు. ఇంజిన్ పట్టేసింది, అంటే లోపల పిస్టన్ కదలకుండా బిగుసుకుపోయింది. అరగంట చల్లారాక కిక్ కదిలింది, కానీ బలం లేదు.

కారణం తర్వాత మా మేస్త్రి చెప్పాడు. ఈ ఇంజిన్‌కి ఆయిలు విడిగా లేదు. పెట్రోల్లో కలిపిన 2టీ (టూ స్ట్రోక్ ఇంజిన్ల) ఆయిలే పిస్టన్‌కీ క్రాంక్ బేరింగులకీ తడి. యాక్సిలరేటర్ మూసేస్తే పెట్రోలు వెళ్ళదు, దాంతోపాటు ఆయిలూ వెళ్ళదు. ఇంజిన్ మాత్రం చక్రం లాగుడుకి వేగంగా తిరుగుతూనే ఉంటుంది. విప్పిన పిస్టన్ని చేతిలో పెట్టి, "దీన్ని ఎండగట్టి తిప్పీసేవు బాబూ" అన్నాడు. పిస్టన్ పక్కన గోరుతో గీరితే తెలిసేటంత లోతు గీతలు పడ్డాయి, ఒక రింగు గాడిలో కరుచుకుపోయింది.

సిలిండర్ లోపల చెక్కించి బోరు పెద్దది చేయించాం. పాతదానికంటే పావు మిల్లీమీటరు పెద్ద సైజు పిస్టన్ పడింది. లేత్ కూలీ, పిస్టన్, రింగులు, పిస్టన్‌ని పట్టి ఉంచే గడ్జన్ పిన్ను, దాని స్మాల్ ఎండ్ బేరింగు అన్నీ కలిపి అప్పట్లో 4,200 అయ్యాయి. తర్వాత మొదటి 500 కిలోమీటర్లూ లీటరుకి 50 మిల్లీలీటర్ల ఆయిలు పోసి, యాభై స్పీడు దాటకుండా నడిపాను. ఇప్పుడు మామూలుగా 40 పోస్తాను. ఘాట్ దిగేటప్పుడు ప్రతి రెండు మలుపులకీ క్లచ్ పట్టి యాక్సిలరేటర్ ఒకసారి తిప్పి వదులుతాను. ఆ ఒక్క గుటకతో పిస్టన్‌కి తడి అందుతుంది. ఆ తర్వాత పదకొండేళ్ళలో సుంకి ఎన్నిసార్లు దిగానో లెక్కలేదు, మళ్ళీ ఒక్కసారీ పట్టలేదు. ఈ ముక్క కొత్తవాళ్ళకి ఎవరూ చెప్పరు. అందుకే ఇంతసేపు చెప్పాను.

కరెంటు విషయం నా వృత్తి కాబట్టి కొంచెం ప్రేమగానే చెబుతాను. ఇందులో 6 వోల్టుల డైనమో ఉంటుంది. ఇంజిన్ కుడిపక్క మూత తీస్తే డైనమో, పాయింట్లు, కండెన్సర్ అన్నీ ఒకేచోట కనబడతాయి. ఛార్జింగ్ ఎర్రలైటు ఆరకపోతే చాలామంది బ్యాటరీ మార్చేస్తారు. నాకూ 2016లో ఆ లైటు ఆరలేదు. విప్పి చూస్తే డైనమో తీగ కాలి నల్లబడింది. పాత తీగ మందం మైక్రోమీటర్‌తో కొలిచి, చుట్లు లెక్కపెట్టుకుంటూ విప్పి, అదే లెక్కకి కొత్త తీగ చుట్టి వార్నిష్ పోసి ఎండబెట్టాను. ఒక ఆదివారం మధ్యాహ్నం పని. పంపుసెట్టు మోటారు తిరిగినప్పుడు లేని సంతోషం ఆ ఎర్రలైటు ఆరినప్పుడు కలిగింది. ఇప్పటికీ అదే తీగ.

దీన్ని 12 వోల్టులకి మార్చి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకోమని చాలామంది చెప్పారు. హెడ్‌లైటు వెలుగు కోసమైతే వాళ్ళ మాట సరైనదే. రాత్రిపూట ఈ లైటుతో ఘాట్ ఎక్కకూడదు, నేను ఎక్కను. కానీ పాయింట్లైతే రోడ్డుపక్కన చిన్న ఎమ్రీ కాగితం ముక్కతో గీకి, గ్యాప్ 0.4 మిల్లీమీటర్లకి సర్దుకుని వచ్చేయొచ్చు. ఎలక్ట్రానిక్ డబ్బా కల్యాణసింగుపురం అవతల పోతే చెయ్యడానికేం ఉండదు.

వానాకాలం దీనికి గడ్డుకాలం. క్లచ్ ప్లేట్లలో కార్కు ముక్కలుంటాయి. నాలుగు రోజులు నిలబెడితే అవి ఒకదానికొకటి అంటుకుని, మొదటి గేరు వెయ్యగానే బండి గెంతుతుంది. స్టార్ట్ చేసేముందు క్లచ్ పట్టుకుని నాలుగుసార్లు కిక్ కొడితే విడిపోతాయి. ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక ఇంకో బాధ మొదలైంది. అది చెమ్మని లాక్కుంటుంది, రబ్బరు గొట్టాల్ని మెత్తబరుస్తుంది. రెండేళ్ళలో పెట్రోలు పైపు రెండుసార్లు మార్చాను. వారంకంటే ఎక్కువ తియ్యనని తెలిస్తే ట్యాంకు ఖాళీ చేసేస్తాను.

సైలెన్సర్లు రెండింటినీ మూడు నాలుగు వేల కిలోమీటర్లకోసారి విప్పి లోపలి గొట్టం కాల్చి మసి దులపాలి. ఎక్కుడులో బండి నీరసపడితే సగంసార్లు కారణం ఇదే. ఇంజిన్ సీళ్ళని (క్రాంక్‌కి రెండు పక్కలా ఉండే రబ్బరు రింగుల్ని) మాత్రం నిర్లక్ష్యం చెయ్యొద్దు. ఎడమపక్క సీలు పోతే గేర్ ఆయిలు ఇంజిన్లోకి పోయి తెల్లటి పొగ ఆగదు. కుడిపక్కది పోతే గాలి లాగి, యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ దానంతటదే పరిగెడుతుంది. అలా పరిగెత్తే బండిని నడపడమంటే మళ్ళీ పిస్టన్ కాల్చుకోవడమే.

సామాను దొరకడం అన్నిటికంటే కష్టం. మైసూరులోని ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. 2022లో యెజ్డీ పేరుతో కొత్త బళ్ళు వచ్చాయి కానీ అవి ఫోర్ స్ట్రోక్, నీళ్ళతో చల్లబడే 334 సీసీ ఇంజిన్లు. వాటి నట్టు కూడా దీనికి పట్టదు. నేను కర్ణాటక నుంచి పార్సిల్లో తెప్పించుకుంటాను. డబ్బా మీద ఒరిజినల్ అని ఉన్నా నమ్మను. ఒకసారి వచ్చిన పిస్టన్ రింగులు వేలితో వంచితే పుటుక్కుమని విరిగాయి. అందుకే సీళ్ళు, రింగులు, పాయింట్ సెట్టు, క్లచ్ కేబుల్ ఎప్పుడూ రెండేసి షాపులో పెట్టుకుంటాను.

డబ్బు లెక్క చెప్పమంటే, పన్నెండేళ్ళలో పెట్రోలు, ఇన్సూరెన్సు కాక దీనిమీద 48 వేల వరకు పెట్టాను. లీటరుకి 28 కిలోమీటర్లు ఇస్తుంది, ఈ రోజుల్లో అది తక్కువే. రోజూ ఆఫీసుకి వెళ్ళొచ్చి, రాత్రి కవర్ కప్పి మర్చిపోవాలనుకునేవాళ్ళు దీని జోలికి రావద్దని గట్టిగా చెబుతాను. ఆదివారం రెండు గంటలు పానాలు పట్టుకోవడం ఇష్టమై, ఊళ్ళో పాత టూ స్ట్రోక్ తెలిసిన మేస్త్రి ఒక్కరైనా ఉంటే, కాగితాలు సరిగ్గా ఉన్న బండి చూసి కొనుక్కోండి.

మా మేస్త్రికి ఇప్పుడు చూపు ఆనడం లేదు. పోయిన నెల కుడిపక్క సీలు మార్చేటప్పుడు ఆయన స్టూలు మీద కూర్చుని చెబుతుంటే చెయ్యి నాదే పెట్టాను. సీలు లోపలికి దిగిందో లేదో వేలితో అంచు తడిమి, "ఇంకో దెబ్బ కొట్టు, మెల్లగా" అన్నాడు. ఇప్పుడు యాక్సిలరేటర్ వదిలితే ఇంజిన్ నెమ్మదిస్తోంది.