మొదటి రోడ్ సైకిల్: గేర్ల కంటే ముందు సైజు చూడండి

మొదటి రోడ్ సైకిల్ కొనేవాళ్లు ముందు అడిగేది గేర్ల గురించే, షిమానో కంపెనీ గేర్ సెట్లలో సోరానా క్లారిసా అని. నాది అల్యూమినియం ఫ్రేము, కార్బన్ ఫోర్కు, ముందు 50, 34 పళ్ల రెండు చక్రాలు, వెనక 9 గేర్ల షిమానో సోరా, 28 ఎంఎం టైర్లు, కేబుల్ డిస్క్ బ్రేకులు. హైదరాబాద్ రోడ్ల మీద ఇన్నాళ్లు తొక్కాక చెప్తున్నా, 8 గేర్ల క్లారిస్‌కీ సోరాకీ తేడా నెల తిరక్కుండానే మర్చిపోతారు, సైజు తేడా మాత్రం మెడలోనూ అరచేతుల్లోనూ రోజూ తెలుస్తుంది.

షాపులో నా ఎత్తు చూసి మీడియం ఇచ్చారు. పార్కింగ్‌లో రెండు చుట్లు తిరిగితే హాయిగానే ఉంది, అక్కడ ఏ సైకిలైనా బాగానే ఉంటుంది. బయట కాసేపు తొక్కుతానని పట్టుబట్టాను. హుడ్స్ (హ్యాండిల్ మీద బ్రేకు లివర్లుండే రబ్బరు పిడులు) పట్టుకుంటే మోచేతులు కర్రల్లా బిగుసుకుపోయాయి, బరువంతా అరచేతుల మీద పడి చిటికెన వేలు తిమ్మిరెక్కింది. అదే రోడ్డులో స్మాల్ తొక్కితే మోచెయ్యి కొంచెం వంగింది, భుజాలు వదులయ్యాయి, దాన్నే కొన్నా. ఒకే ఎత్తున్న ఇద్దరికి కాళ్లూ నడుమూ చేతులూ ఒకే పొడవు ఉండవు కదా, సైజు చార్టు ఒక్కటే చూసి డబ్బు కట్టేయకండి. రెండు సైజుల మధ్య ఊగిసలాటైతే చిన్నదే తీసుకోండి, స్టెమ్ (హ్యాండిల్‌ని పట్టి ఉంచే ముక్క) పొడవు పెంచుకోవచ్చు, సీటు లేపుకోవచ్చు.

టెస్ట్ రైడ్‌లో ఒక ఫ్లైఓవర్ కూర్చునే ఎక్కండి, సగంలో గేరు తగ్గించి చూడండి. దిగేటప్పుడు హుడ్స్ మీద నుంచే రెండు వేళ్లతో బ్రేకు పట్టండి. లివర్ అందకపోతే చాలా వాటికి దగ్గరికి జరిపే స్క్రూ ఉంటుంది, అక్కడే సరిచేయించుకోండి.

వాడకంలో నాకు బాగా నచ్చినవి 28 టైర్లు, అతుకుల రోడ్లమీద కూడా నడుం పట్టేయలేదు. కేబుల్ బ్రేకులు మాత్రం ఓపిక అడుగుతాయి, వానల్లో వికారాబాద్ దగ్గరి అనంతగిరి ఘాట్ దిగి వస్తే ప్యాడ్లు అరిగి లివర్ లోపలికి పోతుంది, మళ్లీ బిగించుకోవాలి. డ్రాప్స్ (హ్యాండిల్ కింది వంపులు) అలవాటయ్యేదాకా ఓఆర్‌ఆర్ పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ మీద తొక్కండి, బండ్ల టెన్షన్ ఉండదు. ఫ్లోర్ పంపు (నేల మీద నిలబెట్టి గాలి కొట్టేది) కూడా సైకిల్‌తో పాటే కొనండి, ఈ ట్యూబులకు సన్నటి ప్రెస్టా వాల్వ్ ఉంటుంది, పెట్రోల్ బంకు గాలి గొట్టం అడాప్టర్ లేనిదే దానికి పట్టదు.